మే ఎండల్లో మైనస్ 40 చూపించిన కారు (నా అనుభవం)

విజయవాడ ఎండలో మా కారు డిస్‌ప్లే బయట మైనస్ 40 అంటోంది. చలేమో అనుకుని ఆటో ఏసీ కంప్రెసర్‌నీ ఆన్ చేయట్లేదు! ఫ్యూజులు, బ్యాటరీ తీసి పెట్టడం, ఏసీ గ్యాస్... దేనివల్లా లాభం లేదు.

ఇగ్నిషన్ ఆపి, ముందు బంపర్ వెనకున్న, బయటి ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ప్లగ్ పీకాను. సెన్సర్ రెండు పిన్నులకీ మల్టీమీటర్ ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ కొలిచే సెట్టింగ్) పెడితే ఓపెన్, అంటే లోపల తెగిపోయింది. బాగున్నదైతే గుప్పిట్లో వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గాలి. తర్వాత కారు వైపు ప్లగ్‌లో రెండు పిన్నుల్నీ చిన్న వైరుతో కలిపి ఇగ్నిషన్ వేశా. అంకె ఒక్కసారిగా పైకి ఎగబాకింది. అంటే వైరింగ్ బాగుంది, పోయింది సెన్సరే. కొత్తది పెట్టాక 43 చూపిస్తోంది, ఏసీ కూడా వచ్చింది.

ఇది రెండు పిన్నుల సెన్సర్ మాట. కొన్ని కార్లలో బండి కాసేపు నడిస్తేగానీ అంకె మారదు. మీకు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంటే మాత్రం కథ వేరే కావచ్చు. క్లిప్పు ఊడి సెన్సర్ రేడియేటర్ వైపు జారిందేమో ముందు చూడండి.