‘తగువు’ అనే మాటను సరిగ్గా వాడటం ఎలా?

కోనసీమ శివారు పొలాల్లో దాళ్వాకు, అంటే రబీ వరికి, వంతులవారీ నీళ్లిచ్చే రోజులు. చేలకు నీరు పారే పంటబోదె దగ్గర ఎగువ చేను రైతుకీ దిగువ చేను రైతుకీ మాటామాటా పెరిగితే అది తగువు. తోడికోడళ్లు పల్లెత్తు మాట అనుకోకుండానే పలకరింపులు మానేస్తే మాత్రం తగువు అనకూడదు.

కాబట్టి ముందు ‘దేని గురించి?’ అని అడిగి చూడండి. గట్టు, నీటి వంతు, ఆస్తిలో వాటా, ఇంటి ముందు దారి, ఇలా వేలు పెట్టి చూపించగల వస్తువో హక్కో ఉంటే ‘తగువు’ నప్పుతుంది. మనసులోనే ఎడం పెరిగితే ‘మనస్పర్ధలు’, ఇంకాస్త తేలిగ్గా ‘పొరపొచ్చాలు’. చేతులదాకా వస్తే కొట్లాట.

తర్వాత క్రియ. తప్పెవరిదో తేల్చేది అదే. ‘తగువు వచ్చింది’ అంటే ఎవరినీ తప్పు పట్టినట్టు కాదు. ‘తగువు పడ్డారు’ అంటే ఇద్దరికీ పాత్ర ఉంది. ‘తగువు పెట్టుకున్నాడు’ అంటే నింద ఒకడి మీదే. ‘తగువు పెట్టాడు’ అంటే మూడోవాడు తంపులమారి. పంచాయతీ సంగతి రాసేటప్పుడు ఈ నాలుగూ కలిపేస్తే ఊళ్లో కొత్త తగువు ఖాయం! ‘గొడవ చేశారు’ అన్నట్టు ‘తగువు చేశారు’ అంటే చెవికి అతకదు.

పాత పద్యాలు చదివేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. నిఘంటువుల్లో దీని రూపం ‘తగవు’. ‘తగు’ నుంచి పుట్టింది, అసలు అర్థం తగినది, న్యాయం. ‘ఇది నీకు తగవా?’ అంటే ‘ఇది నీకు న్యాయమా?’ అని. తగవరి అంటే న్యాయం తప్పనివాడు, పోట్లాటకోరు కాదు. న్యాయం చెప్పాల్సిన వ్యవహారానికి కూడా ఆ పేరే వాడగా వాడగా చివరికి గొడవకే అంటుకుంది. ‘పెద్దమనుషులు తగువు తీర్చారు’ అనే మాటలో ఆ పాత వాసన ఇంకా ఉంది.

‘తగాదా’ దీనికి చుట్టం కాదు. అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. హిందీ, మరాఠీల్లో తగాదా అంటే బాకీ తీర్చమని వెంటపడటం. అక్కడి వాక్యాన్ని తెలుగు చేసేటప్పుడు ‘గొడవ’ అని రాస్తే అప్పులవాడు కాస్తా పోట్లాటకొచ్చినవాడు అయిపోతాడు.

ఇక ‘మనస్పర్ధ’లో ఉండేది ‘ధ’. ‘థ’తో రాయడం ఎంత వాడుకలో ఉన్నా, మూలం పోటీ అనే అర్థమున్న ‘స్పర్ధ’.