పలంగా దివాణం, దాని తోట: చరిత్రను చదివే పద్ధతి

లిథువేనియాలో బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న పలంగాకు వెళ్లినవాళ్లు చాలామంది తిన్నగా అక్కడి దివాణం మేడలోకి వెళ్లి, ఆంబర్ (రాయిలా గట్టిపడిన పాత చెట్టు బంక) చూసి, గంటలో బయటపడతారు. దివాణం చరిత్ర తెలియాలంటే ముందు తోట చూడాలి. మేడ 1963 నుంచి ఆంబర్ మ్యూజియం, గదుల వాడకమే మారిపోయింది. తోటలో దిబ్బ, చెరువు, బాటల వంపులు మాత్రం నూరేళ్ల పైచిలుకు కిందట తీసుకున్న నిర్ణయాలను ఇప్పటికీ చూపిస్తాయి. సగం రోజు పెట్టుకోండి. కొలత టేపు, పెన్సిలు, పాత పటం నకలు ఒకటి, పాత పోస్టుకార్డుల నకళ్లు రెండు మూడు ఉంటే చాలు.

బయల్దేరే ముందు ఇంట్లో చేయాల్సిన పని పేర్ల పట్టిక. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఈ దివాణం యజమానులు లిథువేనియన్‌లో టిష్కెవిచ్యుస్, పోలిష్‌లో టిష్కియేవిచ్. ఊరు జర్మన్ కాగితాల్లో పొలాంగెన్. రష్యన్ దస్తావేజుల్లో ఇవన్నీ మరో లిపిలో ఉంటాయి. ఒక్క రూపంతో వెతికితే సగం కాగితాలు దొరకవు. ఎక్కడ వెతకాలన్నది ఇంకో చిక్కు. 1819లో పలంగాను రష్యా సామ్రాజ్యంలోని కూర్లాండ్ రాష్ట్రంలో (అది ఇప్పుడు లాత్వియాలో ఉంది) కలిపారు, 1921లో లాత్వియా నుంచి లిథువేనియాకు వచ్చింది. అందుకని లిథువేనియా రాజధాని విల్నియస్‌లోని చారిత్రక ఆర్కైవ్ ఒక్కటే చూసి ఊరుకోకండి, లాత్వియా రాజధాని రీగాలో కూడా అడగండి. తేదీల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రష్యా పాలనలోని కాగితాలు పాత క్యాలెండర్ ప్రకారం రాసినవి. 19వ శతాబ్దపు తేదీకి 12 రోజులు, 20వ శతాబ్దపు తేదీకి 13 రోజులు కలిపితే ఇప్పటి తేదీ వస్తుంది. జర్మన్ పత్రికలో ఒక తేదీ, రష్యన్ కాగితంలో ఇంకో తేదీ కనిపిస్తే ముందు ఈ లెక్క వేసి చూడండి.

వెన్నెముక లాంటి సంవత్సరాలు కొన్నే. టిష్కెవిచ్యుస్ కుటుంబం పలంగాను 1824లో కొన్నది. ఫెలిక్సస్ టిష్కెవిచ్యుస్ కట్టించిన మేడ 1897లో పూర్తయింది, దాని వాస్తుశిల్పి బెర్లిన్‌కు చెందిన ఫ్రాంజ్ ష్వెఖ్టెన్. తోట వేసింది ఫ్రాన్స్‌కు చెందిన ఎదువార్ ఆంద్రే. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో సెఫ్టన్ పార్కుకు రూపం ఇచ్చినవాళ్లలో ఆయన ఒకరు. పలంగా పనిలో ఆయన కొడుకు రెనే కూడా ఉన్నాడు.

ఇప్పుడు పోస్టుకార్డులు తీయండి. తేదీ లేని కార్డుకు కాలం కట్టడం ఇలా. మేడ పూర్తిగా కనిపిస్తే 1897 తర్వాతిది. మేడ ముందు ఆశీర్వదిస్తున్న క్రీస్తు విగ్రహం ఉంటే 1906కూ 1948కీ మధ్యది, లేదా 1993 తర్వాతిది. సోవియట్ కాలంలో దాన్ని కూల్చేశారు, స్వాతంత్ర్యం వచ్చాక మళ్లీ నిలబెట్టారు. లిథువేనియా జానపద కథలోని పాముల రాణి ఎగ్లె శిల్పం కనిపిస్తే 1960 తర్వాతిదే. జాగ్రత్త పడాల్సింది ఒక్కటి. తపాలా ముద్ర మీద ఉన్నది కార్డు పంపిన రోజు, ఫొటో తీసిన రోజు కాదు. పాత ఫొటోనే ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అచ్చువేసేవాళ్లు. కాబట్టి ఫొటోలో ఉన్న వస్తువు మొదటి హద్దు చెబుతుంది, ముద్ర చివరి హద్దు చెబుతుంది. నిజం ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది.

పాత పటాన్ని నేటి ఉపగ్రహ చిత్రంతో కలిపేటప్పుడు మేడ మూలలు రెండు, తోటలోని బిరూటె దిబ్బ మీది గుడి (చిన్న క్రైస్తవ ప్రార్థనా మందిరం) ఒకటి పట్టుకోండి. మూడు స్థిర బిందువులకు తక్కువైతే తప్పు ఉన్నా పటం సరిపోయినట్టే కనిపిస్తుంది. చెరువు గట్టును మాత్రం బిందువుగా తీసుకోవద్దు, గట్టు జరుగుతుంది. పాత పటంలో ఉత్తరం ఎప్పుడూ పైనే ఉంటుందనుకోకండి. అందులో గీసినవన్నీ వేశారనీ అనుకోకండి. తోటమాలి పటం కొన్నిసార్లు కోరిక మాత్రమే. నేల మీద బాట ఆనవాలు కనిపించాకే రాసుకోండి.

నడక మేడ దగ్గర మొదలుపెట్టండి. మేడ చుట్టూ సరళరేఖలు, మెట్లు, పూలమళ్లు, వెనకవైపు గులాబీ తోట. నాలుగడుగులు దూరం జరగ్గానే బాటలు వంపు తిరుగుతాయి. ఇల్లు ముందు క్రమంగా, దూరంగా అడవిలా ఉండాలన్నది ఆ కాలపు పద్ధతి. క్రమం ఎక్కడ తెగిందో అక్కడ ఆగి పటంలో గుర్తు పెట్టండి. వంపు దగ్గర నిలబడి ముందుకు చూస్తే చెట్ల సందులోంచి మేడో, నీళ్లో కనబడాలి. కనబడకపోతే ఆ చూపుకు అడ్డంగా తర్వాత పెరిగిన చెట్టు ఉన్నట్టు.

చెట్టు వయసు విషయంలో తొందరపడొద్దు. చుట్టుకొలత నేల నుంచి 130 సెంటీమీటర్ల ఎత్తున తీయాలి. వాలు మీద ఉంటే పైవాలు వైపు నుంచి ఎత్తు కొలవాలి. టేపు బెరడు మీద బిగువుగా ఉండాలి, కొమ్మ మొలిచిన ఉబ్బు మీదుగా పోకూడదు. అయినా లావును బట్టి వయసు చెప్పడం ఇక్కడ కుదరదు. ఇసుక నేలలో, సముద్రపు గాలికి పైన్ చెట్లు నెమ్మదిగా ఎదుగుతాయి. సన్నటి పైన్, పక్కనున్న లావుపాటి లిండెన్ చెట్టు కంటే వయసులో పెద్దది కావచ్చు. ఖాళీ జాగా కనిపిస్తే అది ఆంద్రే వదిలిన పచ్చిక కావచ్చు, 1999 డిసెంబరు తుపాను పడగొట్టిన చెట్ల చోటు కూడా కావచ్చు. మోడులు ఉన్నాయేమో చూడండి.

తర్వాత బిరూటె దిబ్బ ఎక్కండి. నిజానికి తోటంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అక్కడ పవిత్రాగ్నిని కాపాడే బిరూటెను లిథువేనియా పాలకుడు కేస్టూటిస్ పెళ్లాడాడనీ, తర్వాత లిథువేనియాను ఏలిన వీతౌతస్ ఆమె కొడుకేననీ చెబుతారు. పెళ్లీ కొడుకూ చరిత్ర, నిప్పు కాపలా జనం చెప్పుకునే కథ. మీ నోట్సులో రెండూ వేరు వేరు పేజీల్లో రాయండి. దిబ్బ మీది ఎనిమిది మూలల గుడి 1869 నాటిది, అంటే మేడ కంటే, తోట కంటే ముందుది. కాబట్టి తోట దిబ్బను తయారు చేయలేదు, ఉన్న దిబ్బకు చోటిచ్చింది.

ఒకే తోట చూస్తే ఏది ఆంద్రే చేయి, ఏది స్థలం ఇచ్చిందో తేలదు. టిష్కెవిచ్యుస్ కుటుంబం వాళ్లకు ఆయనే వేసిన తోటలు లిథువేనియాలోనే లెంట్వారిస్‌లో, ట్రాకూ వోకెలో, ఉజుత్రాకిస్‌లో ఉన్నాయి. వీలైతే ఉజుత్రాకిస్ చూడండి. అక్కడ గల్వే సరస్సు, ఒకదానికొకటి కలిసే చెరువులు, ఎదుట ట్రాకై ద్వీపకోట. పలంగాలో ఇసుక, పైన్‌లు, సముద్రం. రెండు చోట్లా ఉన్న వంపులు ఆయనవి, ఒక్కచోటే ఉన్నది నేలది.

మ్యూజియాన్ని చివరికి ఉంచండి. మన పాత మాటల్లో ఆంబర్‌ను తృణమణి అన్నారు, రుద్దితే గడ్డిపోచను లాగుతుంది గనుక. లోపల ఆంబర్ అద్దాల పెట్టెల మీంచి చూపు తిప్పి కప్పు, కిటికీలు, మెట్లు చూడండి, ఇల్లుగా ఉన్నప్పటి ఆనవాళ్లు అక్కడే మిగిలాయి. తోటకు టికెట్ లేదు, మ్యూజియానికి ఉంది. సెలవు రోజులు, వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి కనుక బయల్దేరే ముందు రోజే చూసుకోండి.