గదికి పట్టిన సిగరెట్ వాసన వదిలించడం ఎలా?

కొత్తగా రంగు వేసిన గదిలో మొదటి వారం రంగు వాసన తప్ప ఇంకేమీ తెలియదు. రెండో వారానికి అది తగ్గుతుంది, దాని వెనక నుంచి పాత సిగరెట్ కంపు మెల్లగా బయటికొస్తుంది. ఇంకొన్నాళ్లకు తెల్లటి గోడ మీద అక్కడక్కడా టీ రంగు మచ్చలు తేలతాయి. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన ఇళ్లను కడిగి, రంగులు వేయించి అప్పగించడం ఏళ్ల తరబడి నా పని. ఈ మచ్చలు ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. జరిగే తప్పు మాత్రం ప్రతిసారీ ఒక్కటే. గోడ కడక్కుండా రంగు వేసేస్తారు.

"నాలుగు రోజులు కిటికీలన్నీ తెరిచిపెట్టానండీ, రూమ్ ఫ్రెష్‌నర్ కూడా కొట్టాను, అయినా పోలేదు" అంటారు. ఎలా పోతుంది? వాసన గాలిలో ఉంటే గాలితో పోయేది. అది గోడకు పట్టింది. ఫ్రెష్‌నర్ కొడితే మల్లెపూల వాసనా సిగరెట్ వాసనా కలిసి మూడో వాసన తయారవుతుంది, అంతే.

గోడకు ఎందుకు పడుతుందో ముందు చెబుతాను. దమ్ము లాగినప్పుడు సిగరెట్ కొన దగ్గర వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. ఆ వేడికి ఆకు కాలి, 7000కు పైగా రసాయనాలున్న పొగ వస్తుంది. అందులో తారు తుంపరలు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి. అవి గోడలకు, సీలింగుకు, పరదాలకు అంటుకుని సన్నటి జిగురు పొరలా పేరుకుంటాయి. ఎండ తగిలి గోడ వేడెక్కినా, గాలిలో తేమ పెరిగినా ఆ పొర మళ్లీ కొద్దికొద్దిగా వాసన వదులుతుంది. వాసనతోనే కథ అయిపోదు. గోడకు పట్టిన నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కారక నైట్రోసమైన్లుగా మారుతుందని 2010లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. పాకే పిల్లలున్న ఇల్లయితే ఈ పని వాయిదా వేయకండి.

గంజాయి కాల్చిన గదిదీ ఇదే కథ. కాకపోతే దాని ఘాటు వేరు. మొక్కకు వాసననిచ్చే టెర్పీన్లనే పదార్థాలకు తోడు గంధకం కలిసినవీ ఉంటాయి, అవి రవ్వంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది. అది నేరమా కాదా అన్నది మీరున్న చోటి చట్టం చూసుకుంటుంది, నాకు గోడతోనే పని. ఇక "వేప్ (కాల్చకుండా వేడిచేసి ఆవిరి పీల్చే పరికరం) అయితే వాసనే ఉండదు" అనేవాళ్లకు ఒక మాట: ఉంటుంది. ఆకును వేడిచేసే వేప్ సాధారణంగా 180 నుంచి 220 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. ఆకు కాలదు కాబట్టి బూడిద ఉండదు, తారు బాగా తక్కువ. వాసన వస్తుంది గానీ పొగ వాసనంత మొండిది కాదు, గాలి ఆడితే త్వరగా పోతుంది. ద్రవం పోసుకునే వేప్ అయితే కిటికీ అద్దాల మీద గ్లిజరిన్ పొర వదులుతుంది, వేలితో రాస్తే జారుతుంది. వేప్ మాత్రమే వాడిన గదికి అద్దాలు, తలుపులు సబ్బునీళ్లతో తుడిచి పరదాలు ఉతికితే చాలావరకు సరిపోతుంది. కింద చెప్పే తతంగమంతా పొగ తాగిన గదుల కోసం.

సామాను: రెండు బకెట్లు, రెండు స్పాంజిలు, పాత తువ్వాళ్లు, గ్లౌజులు, కళ్లలో తుంపరలు పడకుండా రక్షణ అద్దాలు, నిచ్చెన, గిన్నెలు తోమే లిక్విడ్, తెల్ల వెనిగర్, వంటసోడా. స్పాంజి పసుపు రంగుది కొనకండి, తెల్లదే కొనండి. మురికి ఎంత వస్తోందో కనబడాలి కదా.

మొదట బట్ట అన్నది గదిలో లేకుండా చేయండి. పరదాలు, దిండు గలేబులు, సోఫా కవర్లు ఉతకండి. నానబెట్టే నీళ్లలో ఒక కప్పు వంటసోడా వేయండి. కార్పెట్ మీద వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి వాక్యూమ్ చేయండి. పరుపుకు, దిండ్లకు వాసన లోపలిదాకా పట్టేసి ఉంటే వాటి మీద ఆశ వదులుకోండి. ఏసీ ఫిల్టర్ కడగండి, లోపలి కాయిల్ మెకానిక్‌తో శుభ్రం చేయించండి. ఫ్యాన్ రెక్కలు, బల్బులు కూడా తుడవండి. బల్బు మీద పొర వేడికి మగ్గుతూ వాసన కొడుతుందని ఎవరికీ తట్టదు. ఇదంతా సులువైన పనే, ఒక పూటలో అయిపోతుంది.

అసలు పని గోడలు కడగడం. ఇక్కడ మాత్రం తొందర వద్దు.

ముందుగా గది కరెంటు మెయిన్ దగ్గర ఆపేయండి, స్విచ్ బోర్డుల మీద ప్లాస్టిక్ అతికించండి. తర్వాత తలుపు వెనక కనబడని చోట తడిగుడ్డతో రుద్ది చూడండి. రంగు సుద్దలా గుడ్డకు అంటుకుంటే అది డిస్టెంపరో సున్నమో. అలాంటి గోడను కడిగితే బురదవుతుంది. తడిపి, గీకి, పాత పొర తీసేయాల్సిందే. బాగా పాత ఇల్లయితే రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా ఉప్పుకాగితం పట్టకండి. గుడ్డకు గోధుమ రంగు జిగురు మాత్రమే అంటితే అది సిగరెట్ తారు. కడగొచ్చు.

ఒక బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు, గిన్నెల లిక్విడ్. రెండో దాంట్లో మంచినీళ్లు. మొదటి స్పాంజితో రుద్దడం, రెండోదాంతో తుడవడం. రుద్దడం కింది నుంచి పైకి సాగాలి. అందరూ పైనుంచి మొదలుపెడతారు, అక్కడే గోడ పాడవుతుంది. మురికి నీళ్లు కిందికి కారి, పొడిగా ఉన్న తారు మీద చారలు కట్టేస్తాయి. ఆ చారలు మళ్లీ ఎంత రుద్దినా పోవు. కింది భాగం ముందే తడిసి శుభ్రమై ఉంటే పైనుంచి కారిన నీళ్లు నిలవకుండా జారిపోతాయి, ఒక్కసారి తుడిస్తే సరి. ఒకసారి ఒక హాల్లో నేను లేనప్పుడు మా కుర్రాడు పైనుంచి మొదలుపెట్టాడు. వచ్చి చూసేసరికి గోడంతా చారల చీరలా ఉంది. ఆ చారలను కప్పడానికి ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) ఒక కోటు ఎక్కువ పట్టింది.

ఒకసారికి మీ రెండు చేతులు బారచాపినంత వెడల్పు చాలు. నీళ్లు టీ డికాక్షన్ రంగుకు రాగానే మార్చేయండి. బద్ధకించారంటే ఆ తారునే మళ్లీ గోడకు పూస్తున్నట్టు.

సబ్బు తారును తీస్తుంది గానీ నికోటిన్ కొంత మిగులుతుంది. దానికి వెనిగర్. నికోటిన్ క్షార గుణం ఉన్నది, ఆమ్లం తగిలితే ఆవిరి కాని లవణంగా మారి నీళ్లలో కరిగిపోతుంది. అందుకే ఒక వంతు వెనిగర్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి రెండో విడత తుడుస్తాను. వెనిగర్ వాసన ఒకటి రెండు రోజుల్లో పోతుంది, బెంగ వద్దు. పాలరాయి మీద మాత్రం పడనివ్వకండి, మెరుపు చచ్చిపోతుంది.

వెనిగర్‌లో వంటసోడా కలిపి బుసబుస పొంగించి "పవర్ ఎక్కువ" అని గోడకు కొట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మీ బకెట్‌లో మిగిలేది ఉప్పు నీళ్లలాంటిదే. దేనికదే వేరుగా వాడండి.

బ్లీచ్ జోలికి అసలు పోకండి. వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అమోనియాతో కలిస్తే క్లోరమైన్. మూసిన గదిలో ఊపిరితిత్తులకు నేరుగా దెబ్బ. "కొంచెమేగా" అని ఎవరైనా అంటే బకెట్ లాక్కోండి.

సీలింగ్ మరిచిపోవద్దు. వేడి పొగ పైకే వెళ్తుంది, గదిలో అందరికంటే ఎక్కువ సిగరెట్లు తాగింది సీలింగే.

కడిగాక రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వండి. అప్పుడే సీలర్, అంటే మిగిలిన మరకను కిందే బంధించే పూత. నా పద్ధతిలో లక్కతో చేసిన ప్రైమర్ రెండు కోట్లు వేయాలి, వేరే మాట లేదు. మామూలు వాటర్ ప్రైమర్ చాలంటారు పెయింటర్లు. మిగిలిన నికోటిన్ నీళ్లలో కరిగే రకం కాబట్టి, నీటి ప్రైమర్ తడికి అది కరిగి పైకి తేలుతుంది. మొదట్లో చెప్పిన టీ రంగు మచ్చలు అవే. లక్క ప్రైమర్‌లో ఉండేది స్పిరిట్. అది తారును కింద బంధించేస్తుంది. కాకపోతే దాని ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది, గదిలో దీపం గానీ స్టవ్ గానీ వెలగకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి, మాస్కు ఉండాలి. దాని మీద మీకు నచ్చిన రంగు వేసుకోండి, ఆ భాగం నాకు పెద్దగా పట్టదు.

గాలి శుభ్రం చేసే యంత్రాల సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. వాటిలో ఉండే సన్నటి హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ రేణువులను 99.97 శాతం పడుతుంది, కానీ వాసన వాయువు, దాంట్లోంచి దూరిపోతుంది. వాయువుకు యాక్టివేటెడ్ కార్బన్ (వాసనను పట్టుకునే ప్రత్యేకమైన బొగ్గు) కావాలి. అదీ నిండిపోయాక పనిచేయదు, మార్చాలి. పైగా ఇవి గాలిని శుభ్రం చేస్తాయి, గోడను కాదు. ఓజోన్ యంత్రాలు నేను వాడను. వాసన పోయేంత ఓజోన్ మనిషి ఊపిరితిత్తులకూ హానే. పైగా అది నికోటిన్‌తో కలిసి ఇంకో రకం రేణువులు పుట్టిస్తుంది.

చివరిగా పరీక్ష. గది తలుపులు కిటికీలు ఒక రోజంతా మూసి ఉంచండి. పని చేసిన మీ ముక్కును నమ్మకండి, అది ఎప్పుడో అలవాటు పడిపోయింది. అరగంట బయట తిరిగి వచ్చి, తలుపు తెరవగానే తీసుకునే మొదటి శ్వాస చూడండి. ఇంకా వస్తుంటే తలుపు చట్రం పైఅంచు, అల్మారా వెనక గోడ, స్విచ్ బోర్డు మూత లోపలి వైపు చూడండి. నాకు మళ్లీ మళ్లీ దొరికిన చోట్లు ఆ మూడే.