కొత్త ఎస్‌ఎస్‌డీ వేశాక పాత డెస్క్‌టాప్ మొండికేస్తే: సమస్య - పరిష్కారం

పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) బిగించడం తెలిసినవాళ్ల కోసమే ఇది. కాబట్టి స్క్రూలు ఎలా విప్పాలో చెప్పను. ఒక్కటి మాత్రం అడుగుతాను: కేబుల్ చూశారా? ముందు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే సెట్టింగుల ప్రోగ్రాం) అరగంట తిరుగుతారు, తర్వాత అమ్మినవాణ్ణి తిడతారు, కేబుల్ మాత్రం ఆఖర్న చూస్తారు.

సమస్య: బయోస్‌లోనే డిస్క్ కనపడదు

హార్డ్ డిస్క్ అయితే తిరిగే చప్పుడు వినపడుతుంది. ఎస్‌ఎస్‌డీకి కరెంటు వస్తోందో లేదో చెవికీ తెలియదు, చేతికీ తెలియదు. అందుకే నిన్నటిదాకా పాత డిస్క్‌ను నడిపిన పవర్ కనెక్టర్, డేటా కేబుల్, రెండూ పీకి కొత్తదానికి పెట్టండి. కనపడితే తప్పు కేబుల్‌దో పోర్టుదో. క్లిప్పు లేని పాత సాటా కేబుళ్లు (డిస్క్‌ను బోర్డుకు కలిపేవి) సులభంగా వదులవుతాయి, మార్చేయండి. కొన్ని ఆఫీసు మెషీన్లలో వాడని పోర్టును బయోస్‌లో ఆపేసి ఉంచుతారు, అదీ చూడండి.

సమస్య: బయోస్‌లో ఉంది, విండోస్‌లో లేదు

కొత్త డిస్క్‌లో పార్టిషనే (విండోస్ వాడుకునే విభాగం) ఉండదు కదా, ఎలా కనపడుతుంది? డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఇనిషియలైజ్ చేసి, వాల్యూమ్ సృష్టించండి. డేటా కోసం 4 టీబీ హార్డ్ డిస్క్ వేస్తుంటే, జీపీటీ, ఎంబీఆర్ అనే రెండు విభజన పద్ధతుల్లో జీపీటీ ఎంచుకోండి. ఎంబీఆర్‌లో దాదాపు 2.2 టీబీ దాటిన జాగా వాడుకోలేరు. యూఈఎఫ్‌ఐ (బయోస్‌కు కొత్త తరం) లేని పాత బోర్డు మాత్రం జీపీటీ డిస్క్ నుంచి విండోస్‌ను బూట్ చేయదు, అక్కడ బూట్ డిస్క్ ఎంబీఆర్‌గానే ఉండాలి.

సమస్య: అంతా బాగానే నడిచింది, పాత డిస్క్ తీయగానే బూట్ అవడం లేదు

మనుషుల్ని ఎక్కువగా ఏడిపించేది ఇదే. నా దగ్గరికి ‘ఎస్‌ఎస్‌డీ పోయింది’ అని వచ్చే మెషీన్లలో చాలావాటికి ఎస్‌ఎస్‌డీ నిక్షేపంగా ఉంటుంది. పాత డిస్క్‌ను లోపలే ఉంచి ఎస్‌ఎస్‌డీలో విండోస్ ఇన్‌స్టాల్ చేస్తారు. నెలల తరబడి హాయిగా నడుస్తుంది. ఒకరోజు పాత డిస్క్ టిక్కుటిక్కుమంటోందని పీకేస్తారు. తెర మీద ‘బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్’ అనో, ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైజ్’ అనో వస్తుంది.

విండోస్‌ను ఏ డిస్క్‌లో పెట్టాలో సెటప్ మిమ్మల్ని అడుగుతుంది. బూట్ ఫైళ్లు (విండోస్‌ను మొదలుపెట్టేవి) ఎక్కడ పెట్టాలో మాత్రం అడగదు. బయోస్ వరసలో మొదట ఉన్న డిస్క్‌లో యాక్టివ్ పార్టిషన్ ఉంటే వాటిని అక్కడే పెట్టేస్తుంది. ఇల్లు కొత్త వీధిలో, తాళంచెవి పాత ఇంట్లో. క్లోన్ చేసేటప్పుడు (పాత డిస్క్‌ను ఎస్‌ఎస్‌డీలోకి ఉన్నదున్నట్టు నకలు తీసేటప్పుడు) సీ డ్రైవ్ ఒక్కటే టిక్ పెట్టి, పక్కనున్న చిన్న ‘సిస్టమ్ రిజర్వ్‌డ్’ పార్టిషన్‌ను వదిలేసినా ఇదే గతి.

పాత డిస్క్ మీద చెయ్యి వేయకముందే ఒక్క నిమిషం డిస్క్ మేనేజ్‌మెంట్ చూడండి. విండోస్ ఉన్న పార్టిషన్ మీద ‘బూట్’ అని, బూట్ ఫైళ్లున్నదాని మీద ‘సిస్టమ్’ అని రాసి ఉంటుంది. తిరకాసుగా ఉన్నా అంతే. ‘సిస్టమ్’ అన్న మాట పాత డిస్క్ మీద కనపడిందా, ఇంకా పీకకండి.

పరిష్కారం, ఎంబీఆర్ డిస్క్ అయితే: ఎస్‌ఎస్‌డీలోని సీ మీద రైట్ క్లిక్ చేసి ‘మార్క్ పార్టిషన్ యాజ్ యాక్టివ్’ నొక్కండి. తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి (ఇంగ్లిష్ అక్షరాల్లోనే) ‘బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ సీ: /ఎఫ్ బయోస్’ కొట్టండి, బూట్ ఫైళ్లు ఎస్‌ఎస్‌డీలోకి వస్తాయి. షట్‌డౌన్ చేసి, పాత డిస్క్ డేటా కేబుల్ తీసి, బయోస్‌లో ఎస్‌ఎస్‌డీని మొదటి స్థానంలో పెట్టి చూడండి. బూట్ అయ్యాకే పాతది ఎవరికైనా ఇవ్వండి.

ఇప్పటికే పీకేసి ఉంటే కంగారు పడకండి, మళ్లీ తగిలించి పైదంతా చేయండి. ఫార్మాట్ కూడా కొట్టేశారా? ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రిపేర్‌లోని కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్‌తో (డిస్క్ విభాగాలను మార్చే కమాండ్) విండోస్ ఉన్న పార్టిషన్‌ను యాక్టివ్ చేసి, అదే బీసీడీబూట్ కమాండ్ ఇవ్వండి. అక్కడ సీ కాస్తా డీగా మారిపోయి ఉండొచ్చు, డిఐఆర్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొట్టి విండోస్ ఫోల్డర్ ఎందులో ఉందో చూసుకున్నాకే ఎంటర్ నొక్కండి.

కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లు పాత డిస్క్ కేబుల్ ముందే పీకేస్తే ఈ గొడవే ఉండదు. నాలుగేళ్లుగా ఇదే చెబుతున్నా.

సమస్య: ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చగానే నీలి తెర

ఐడీఈ, ఏహెచ్‌సీఐ అనేవి బోర్డు డిస్క్‌తో మాట్లాడే పాత, కొత్త మోడ్‌లు, బయోస్‌లో ఉంటాయి. ముందు పాత మోడ్‌కే మార్చి విండోస్‌లోకి వెళ్లండి. విండోస్ 10లో అయితే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌లో ఏహెచ్‌సీఐ చేసి, సేఫ్ మోడ్‌లోకి వచ్చాక టిక్ తీసేయండి. మీరేమీ ముట్టుకోకుండానే ఈ తెర వచ్చి, గడియారం కూడా వెనక్కి వెళ్లి ఉంటే బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయినట్టు. సెల్‌తో పాటు బయోస్ సెట్టింగులూ పోయాయి.

సమస్య: డబ్బా మీద సెకనుకు 550 ఎంబీ, వచ్చేది 270

మీ బోర్డుది సాటా 2 (పాత తరం సాటా). దాని గరిష్ఠమే 300. లోపం కాదు, వాడుకోండి.

ఇక అరుదైనవి. ఎన్‌వీఎంఈని (సాటా కంటే వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) అడాప్టర్ కార్డులో పెడితే పాత బోర్డు సాధారణంగా దాన్నుంచి బూట్ చేయదు, డేటాకి వాడుకోండి. 2011 మొదట్లో వచ్చిన ఇంటెల్ 6 సిరీస్ బోర్డుల్లో కొన్నిటికి 3 గిగాబిట్ సాటా పోర్టుల్లో లోపం ఉండేది. అనుమానముంటే 6 గిగాబిట్ పోర్టుకు మార్చండి.