పేర్ల పట్టికతో మొదలుపెట్టండి: యుద్ధకాలపు మహిళా గూఢచారి గురించి వ్యాసం రాసే పద్ధతి

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్స్‌లో బ్రిటన్ తరఫున రహస్యంగా పనిచేసిన నూర్ ఇనాయత్ ఖాన్ పేరు హైదరాబాద్‌లో ఎత్తితే ‘మన అమ్మాయే కదా’ అనేవారు ఒకరిద్దరైనా ఉంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. బరోడాలో పుట్టిన ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ ఈ నగరంలో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఎదుట పాడి తాన్‌సేన్ అనిపించుకున్నారు; ఆయన సూఫీ గురువు అబూ హాషిం మదానీ ఉన్నదీ ఇక్కడే. నూర్ మాత్రం 1914 జనవరి 1న మాస్కోలో పుట్టి, పారిస్ శివార్లలో పెరిగింది. కాబట్టి మన నగరంతో ఉన్న బంధుత్వాన్ని రెండు వాక్యాల్లో చెప్పి అసలు పనిలోకి దిగడం మంచిది. ఇలాంటి వ్యాసాలు చాలావరకు వంశవర్ణనలోనే సగం పుటలు ఖర్చుచేసుకుంటాయి.

అసలు పని పేర్ల పట్టిక వేసుకోవడం. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీసి తేదీ, ఆనాటి పేరు, ఆ పేరు ఎవరికి తెలుసు, ఆమె అప్పుడు చేస్తున్న పని అని రాసుకోవాలి. నూర్ విషయంలో ఆ పట్టిక ఇలా నిండుతుంది: 1940 నవంబరులో బ్రిటిష్ వైమానిక దళపు మహిళా విభాగంలో చేరినప్పుడు నోరా ఇనాయత్ ఖాన్, 1943 జూన్ 16 రాత్రి చిన్న విమానంలో ఫ్రాన్స్ చేరాక దొంగ గుర్తింపు పత్రాల్లో జాన్-మరీ రెనియే, తోటి ఏజెంట్లకు మదలేన్, అక్టోబరులో జర్మన్లకు పట్టుబడ్డాక నోరా బేకర్. ఈ పట్టిక లేకుండా నేను రాసిన మొదటి చిత్తులో పెద్ద పొరపాటు దొర్లింది. నూర్‌తోపాటు 1944 సెప్టెంబరు 13న డాకౌ నిర్బంధ శిబిరంలో కాల్చి చంపిన ముగ్గురు మహిళల్లో ఒకరి అసలు పేరే మదలేన్ దామెర్‌మాఁ. నూర్ మారుపేరు, ఈమె సొంతపేరు నా రాతలో కలిసిపోయి, ఇద్దరు మనుషులు ఒకరైపోయారు.

తరువాత చూసుకోవలసింది వృత్తిపదం. గూఢచారి అనే మాట శీర్షికకు సరిపోతుంది గానీ, పని చెప్పవలసిన చోట సరిపోదు. నూర్ వైర్‌లెస్ ఆపరేటర్. పారిస్ చుట్టుపక్కల పనిచేసే రహస్య దళాల వార్తలను సంకేతభాషలోకి మార్చి లండన్‌కు పంపడం ఆమె పని. ఉత్తరాలూ డబ్బూ మోసినవారిని కొరియర్లు అనాలి. 1946–51 మధ్య తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలకు చీటీలు చేరవేసిన స్త్రీలను కూడా మనవాళ్లు కొరియర్లనే అన్నారు గనుక ఈ మాట తెలుగు పాఠకుడికి కొత్త కాదు.

పనిని వర్ణించేటప్పుడు దాని బరువు మీకు చేతికి తెలిసి ఉండాలి. ఆ కాలపు సూట్‌కేస్ రేడియో సుమారు పదిహేను కిలోలు ఉండేది. నేను ఒక పాత సూట్‌కేసులో అంత బరువు బియ్యం పోసుకుని బర్కత్‌పురాలో మా మూడో అంతస్తు దాకా మెట్లెక్కి చూశాను. రెండో అంతస్తుకే భుజం ఒకవైపు వాలిపోయింది; ‘ఏమమ్మా, ఊరికా?’ అని ఎదురింటి పెద్దావిడ అడిగితే మామూలు గొంతుతో జవాబు చెప్పలేకపోయాను. ప్రసారాల జాడ పసిగట్టే జర్మన్ వాహనాలు తిరుగుతున్న నగరంలో, చోట్లు మారుస్తూ అలాంటి పెట్టెతో పనిచేసిన మనిషి గురించి ‘ధైర్యశాలి’ అన్న విశేషణం రాసే అవసరం ఆ తరువాత నాకు కలగలేదు.

అనువాదం దగ్గర మరింత నిదానం కావాలి. పట్టుబడినప్పుడు నూర్ దగ్గర తాను పంపిన సందేశాల నకళ్లున్న నోటు పుస్తకం దొరికింది. ఏ ఆపరేటరూ అలా దాచకూడదు కదా అని చాలామంది ఆమెను తప్పుపట్టారు. అయితే బయలుదేరేముందు ఆమెకిచ్చిన ఉత్తర్వుల్లో సందేశాల ‘ఫైలింగ్’ విషయంలో అత్యంత జాగ్రత్తగా ఉండాలని ఉంది. బషీర్‌బాగ్‌లో విలేకరి ‘స్టోరీ ఫైల్ చేశాను’ అంటే పంపేశానని అర్థం. అదే మాట సచివాలయంలో గుమాస్తా అంటే దస్త్రంలో భద్రపరిచానని అర్థం. లండన్ మొదటి అర్థంలో రాస్తే ఆమె రెండో అర్థంలో చదువుకుని ఉండవచ్చునన్నది చరిత్రకారుల ఊహ. నాకైతే అది సబబుగానే తోస్తుంది. ఆ మాటను తెలుగులో ‘పంపడం’ అనో ‘భద్రపరచడం’ అనో తేల్చేస్తే విషయమే మాయమవుతుంది గనుక ‘ఫైలింగ్’ అనే ఉంచి పక్కన ఈ వివరణ ఇవ్వాలి. దాని పర్యవసానమూ రాయాలి: చిక్కిన రేడియోతో జర్మన్లు నూర్ పేరిట సందేశాలు పంపుతూనే ఉన్నారు, లండన్ నమ్మింది, 1944 ఫిబ్రవరి చివర పారాషూట్‌తో దిగి నేరుగా శత్రువు చేతుల్లో పడిన ఏజెంట్లలో మదలేన్ దామెర్‌మాఁ ఒకరు.

ఆధారాల్లో మొదటిది లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో హెచ్‌ఎస్ 9/836/5 సంఖ్యతో ఉన్న ఆమె దస్త్రం. దాని సూచికను ఇంటి నుంచే చూసుకోవచ్చు. రెండోది 1949లో ఆమెకు బ్రిటన్ సాహస పురస్కారం జార్జ్ క్రాస్ ప్రకటించినప్పటి ప్రశంసాపాఠం. అధికారిక పత్రమైనంత మాత్రాన కళ్లు మూసుకుని నమ్మకూడదు. యుద్ధం ముగిశాక తప్పిపోయిన మహిళా ఏజెంట్ల జాడ తీసిన వేరా అట్కిన్స్ కూడా నూర్ నాట్జ్‌వైలర్ శిబిరంలో చనిపోయిందని మొదట నిర్ధారించి, తరువాత దిద్దుకున్నారు. అక్కడ చనిపోయింది సోనియా ఒల్షానెజ్‌కీ అనే మరో స్త్రీ.

చివరి పేరాలో చేయి జారడం సులభం. నూర్ ఆఖరి మాట ‘లిబర్తే’, అంటే స్వేచ్ఛ, అని చాలాచోట్ల కనిపిస్తుంది; అది తరువాతి కాలపు సాక్ష్యాల మీద ఆధారపడిన మాట కాబట్టి ‘అన్నదట’ అని రాయాలి. ఆమెను చంపిన తేదీ సెప్టెంబరు 13; తండ్రి బొంబాయిలో అమెరికా ఓడ ఎక్కినదీ సెప్టెంబరు 13నే, 1910లో. ఈ తేదీల కలయికను వ్యాసం ముగింపుకు వాడుకోవాలని నాకూ అనిపించింది; వాడలేదు, పట్టిక అంచున పెన్సిలుతో రాసి ఉంచాను.