పప్పు ఉడకని నీళ్లలో ఏ చేపలు వేయాలి? ఎండాకాలం ముందు కొత్త అక్వేరియం జాగ్రత్తలు

ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు మధ్యాహ్నానికే ఇంటికొస్తారు. బయట ఎండ, లోపల ఫోన్. ఫోన్ మానిపించడానికి మనకు తట్టే ఉపాయాల్లో అక్వేరియం ఒకటి. నల్లగొండలో మా ఇంట్లోనూ అట్లాగే వచ్చింది. సాయంత్రం రెండడుగుల తొట్టి తెచ్చాం, బోరు నీళ్లు నింపాం, అదే రాత్రి పదకొండు చేపలు వేశాం: రెండు గోల్డ్‌ఫిష్, నాలుగు నియాన్ టెట్రాలు, రెండు టైగర్ బార్బ్‌లు, రెండు గప్పీలు, ఒక ఫైటర్. "ఇవన్నీ కలిసి ఉంటాయా అన్నా?" అని దుకాణంలో అడిగితే, "ఏం గాదన్నా, మా దగ్గర లేవా?" అన్నాడు. నిజమే, అక్కడ ఒకే తొట్టిలో ఉన్నాయి. కానీ అక్కడ అవి ఉండేది రెండు మూడు రోజులు. మన ఇంట్లో ఏళ్ల తరబడి ఉండాలి. మూడో రోజుకు నియాన్లు పోయాయి, గప్పీల తోకలు పీలికలయ్యాయి. ఎనిమిదో రోజుకు మిగిలింది ఒక్క గోల్డ్‌ఫిష్.

తర్వాత తెలిసింది ఏమిటంటే, చేపను దుకాణంలో కాదు, మన నల్లా దగ్గర ఎంచుకోవాలి.

మన వైపు బోరు నీళ్లు ఎట్లాంటివో ఇంట్లో ఆడవాళ్లను అడిగితే చెప్తారు. కందిపప్పు ఒక పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజర్ లోపల తెల్లగా పెచ్చు కడుతుంది. ఈ మూడూ ఉంటే మీ నీళ్లలో సున్నం ఎక్కువ, పీహెచ్ (నీళ్లు పులుపు వైపా, క్షారం వైపా అని చెప్పే అంకె) కూడా చాలాసార్లు ఏడుకు పైనే ఉంటుంది. బోరు బోరుకూ తేడా ఉంటుంది కాబట్టి పీహెచ్, హార్డ్‌నెస్ (అంటే సున్నం ఎంతో) చూసే చుక్కల మందు కిట్ ఒకటి కొనుక్కోవడం మంచిది. ఆర్వో మెకానిక్ మీటరు ముంచి చెప్పే టీడీఎస్ అంకె ఒక్కటే చాలదు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చెప్తుంది, సున్నం ఎంతో విడిగా చెప్పదు.

నియాన్ టెట్రా పుట్టిల్లు అమెజాన్ అడవుల్లోని వాగులు. ఆకులు నాని, కాస్త పులుపెక్కిన, సున్నం తక్కువున్న మెత్తటి నీళ్లవి. దాన్ని తెచ్చి పప్పు ఉడకని నీళ్లలో వేస్తే ఎట్లా? గప్పీ, ప్లాటీ, మోలీ, స్వోర్డ్‌టెయిల్ అట్లా కాదు. గుడ్లు కాకుండా నేరుగా పిల్లల్ని పెట్టే ఈ జాతులకు సున్నమున్న నీళ్లే ఇష్టం. మన బోరు మనకు శాపమేమో గానీ వాటికి కాదు.

"అయితే ఆర్వో క్యాన్ నీళ్లు పోస్తే సరి కదా, నియాన్లు కూడా బతుకుతాయి" అంటారు కొందరు. ఒట్టి ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి పీహెచ్‌ను పట్టి ఉంచేది ఏదీ లేక అది ఒక్కసారిగా పడిపోవచ్చు. మొదటిసారి పెట్టేవాళ్లు ఆ లెక్కల జోలికి పోకపోవడమే నయం. ఆర్వో నీళ్లు పనికొచ్చేది ఒక్కచోట. ఎండాకాలం తొట్టి నీళ్లు ఆవిరై రెండు మూడు వేళ్లు తగ్గుతాయి, సున్నం మాత్రం అందులోనే ఉండిపోతుంది. ఆ తగ్గిన మేరకు ఆర్వో నీళ్లు పోయండి. మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే వారం వారం నీళ్లు ఇంకా చిక్కనవుతాయి.

నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లలో జాగ్రత్త వేరు. అందులో క్లోరిన్ కలిపి ఉంటుంది, అది చేపల మొప్పల్ని కాలుస్తుంది. బకెట్‌లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచాలి, లేదా చేపల దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి.

అసలు ప్రమాదం మాత్రం కంటికి కనిపించదు. చేప విసర్జించేది, మిగిలిపోయిన మేత కుళ్లినది, రెండూ అమ్మోనియా అవుతాయి. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో చేరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో అది ఉండదు. పైగా పీహెచ్ ఎక్కువైనా, నీళ్లు వేడెక్కినా అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. మన దగ్గర ఎండాకాలంలో రెండూ ఉన్నాయి. అంటే మెత్తటి చల్లటి నీళ్లున్న ఊళ్లో ఎవరో తొందరపడి బయటపడ్డారని మనమూ తొందరపడకూడదు.

కాబట్టి తొట్టి ఫిబ్రవరిలోనే పెట్టండి. నీళ్లు నింపి, ఫిల్టర్ నడిపిస్తూ, చేపలు లేకుండానే రోజుకో చిటికెడు మేత వేయండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఏడాది నుంచి అక్వేరియం నడుపుతున్న స్నేహితుడు ఉంటే, అతని ఫిల్టర్‌లోని మురికి స్పాంజి ముక్క అడిగి మీ ఫిల్టర్‌లో పెట్టుకోండి, రోజులు తగ్గుతాయి. అమ్మోనియా, నైట్రైట్ చూసే టెస్ట్ కిట్‌లో ముందు ఆ రెండూ కనిపించి, తర్వాత సున్నాకు వచ్చిన రోజే చేపల మాట ఎత్తాలి. తర్వాతెప్పుడైనా స్పాంజి కడగాలంటే నల్లా కింద పెట్టకండి. క్లోరిన్‌కు ఆ బాక్టీరియా చస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

ఇక చేపలు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టికి లెక్క ప్రకారం 56 లీటర్లు. అడుగున రాళ్లు, పైన ఖాళీ పోగా 45 లీటర్లు అనుకోండి. అందులో మొదట ఐదారు ప్లాటీలు వేయడం నా దృష్టిలో అన్నిటికన్నా క్షేమం. గొడవ పడవు, మేతకు పేచీ పెట్టవు. గప్పీలే కావాలంటే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండేట్టు తీసుకోండి, లేకపోతే మగవి వెంటపడి ఆడదాన్ని అలిసిపోయేలా చేస్తాయి. ఆడగప్పీ దుకాణం నుంచే కడుపుతో రావచ్చు. ఒకసారి మగదానితో కలిస్తే నెలల తరబడి పిల్లల్ని పెట్టగలదు. పిల్లల టెన్షన్ వద్దనుకుంటే అన్నీ మగవే తీసుకోండి, రంగులు కూడా వాటికే ఎక్కువ. మోలీ మూడు నాలుగు అంగుళాలు పెరుగుతుంది. స్వోర్డ్‌టెయిల్ దూకుతుంది, మూత లేకపోతే పొద్దున నేల మీద దొరుకుతుంది. మొదటిసారికి ఈ రెండూ ఆపండి. మూడు వారాలు గడిచి, టెస్ట్‌లో సున్నాలు అట్లాగే ఉంటే ఇంకో మూడు నాలుగు చేపలు కలపొచ్చు.

ఇప్పుడు వద్దనాల్సినవి. గోల్డ్‌ఫిష్ అందరికీ ఇష్టమే, కానీ పెద్దగా పెరుగుతుంది, మురికి ఎక్కువ చేస్తుంది, చల్లటి నీళ్లు కోరుతుంది. రేకుల ఇంట్లో మే నెలలో అది ఎంత అవస్థ పడుతుందో ఊహించుకోండి. ఏంజెల్ చేప చిన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది, పెరిగాక నోట్లో పట్టే చేపను మింగుతుంది. టైగర్ బార్బ్ తోకలు కొరుకుతుంది. మగ ఫైటర్‌కు రంగుల తోక ఊపే గప్పీ ఇంకో ఫైటర్‌లా కనిపిస్తుంది. ఫైటర్ మీదే మనసుంటే చిన్న తొట్టిలో దాన్నొక్కదాన్నే పెంచండి, గాజు గిన్నెలో మాత్రం కాదు. దోమల కోసం గుంతల్లో వదిలే గంబూషియా చూడటానికి ఆడగప్పీలాగే ఉంటుంది. పిల్లలు సీసాలో పట్టుకొస్తారు. అది రౌడీ, తోకలు కొరుకుతుంది, వద్దు.

"అద్దాలు శుభ్రం చేస్తుంది" అని అంటగట్టే సక్కర్ ఫిష్ గురించి విడిగా చెప్పాలి. వేలంత ఉన్నది అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక పాపం చంపలేక చెరువులో వదిలేస్తారు. తెలుగు నేల మీద చెరువుల్లో వలలు చింపుతూ, మత్స్యకారులు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. అద్దం పాచి గీకడానికి పాత ఏటీఎం కార్డు చాలు.

హైదరాబాద్ నుంచి తెచ్చేవాళ్లు ఎండ ముదరకముందే బయల్దేరండి, కవర్‌ను కారు డిక్కీలో పెట్టకండి. ఇంటికొచ్చాక కవర్‌ను ఇరవై నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, విప్పి, గంటసేపు కొద్దికొద్దిగా మన నీళ్లు కలపండి. అక్కడి నీళ్లు వేరు, మన నీళ్లు వేరు. చివరికి చిన్న వలతో చేపల్ని మాత్రమే తీసి తొట్టిలో వదిలి కవర్ నీళ్లు పారబోయండి.

ఎండలు 40 దాటాక చూడాల్సింది గాలి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఉంచుకోండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఐసు గడ్డలు వేయకండి. సీసాలో గడ్డకట్టించిన నీళ్లను మూత పెట్టి తేలనివ్వండి, వేడి మెల్లగా తగ్గాలి. టేబుల్ ఫ్యాన్ నీళ్ల మీదికి తిప్పినా రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. వాడకట్టులోకి ఫాగింగ్ బండి వచ్చినా, ఇంట్లో దోమల స్ప్రే కొట్టినా ముందు ఎయిర్ పంపు ఆపి తొట్టి మీద తడిబట్ట కప్పండి. ఆ మందు చేపలకు చాలా ప్రమాదం, పంపు దాన్ని నేరుగా నీళ్లలోకి ఊదుతుంది. వాసన పోయాక పంపు మళ్లీ వేయడం మర్చిపోకండి.

మేత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత చాలు. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్తే పక్కింటివాళ్లకు మేత డబ్బా ఇచ్చి వెళ్లకండి. పెద్ద చేపలు నాలుగు రోజులు తినకపోయినా బాగానే ఉంటాయి. పక్కింటావిడ జాలిపడి గుప్పెడు వేస్తే నీళ్లు కుళ్లిపోతాయి. ఆమెకు చెప్పాల్సింది ఒక్కటే: "అక్కా, కరెంటు పోతే ఈ చిన్న పంపు స్విచ్ వెయ్యి."