సినిమా చూసి రాయడం – 7వ పాఠం: ‘ల్యాగ్’ అని రాసే ముందు

పోయిన పాఠంలో ‘గాడ్‌ఫాదర్’ మూడు భాగాలూ చూసి ఒక్కోదాని మీద ఒక పేజీ రాయమన్నాను. మూడూ కలిపితే దాదాపు తొమ్మిది గంటలు. అంత ఓపిగ్గా చూసి రాశారు, చాలా సంతోషం. కానీ మీ పేజీలు చదివాక ఈ వారం చెప్పాలనుకున్న నేపథ్య సంగీతం పాఠాన్ని పక్కన పెట్టేశాను. ముందు ఈ పేజీల సంగతి తేల్చుకోవాలి.

ముందుగా ఒక తగువు తీర్చేద్దాం. మూడో భాగం చివర్లో కథానాయకుడు మైఖేల్ కుర్చీలోంచి ఒరిగి చనిపోతాడని కొందరు రాశారు. అసలు చనిపోవడం చూపించనే లేదని ఇంకొందరు రాశారు. రెండూ నిజమే. 1990 డిసెంబరులో విడుదలైన సినిమాలో చనిపోతాడు. దర్శకుడు కొప్పోలా 2020లో దాన్నే మళ్లీ ఎడిట్ చేసి, పేరులోనే మైఖేల్ మరణం అని పెట్టి విడుదల చేశాడు. చిత్రంగా అందులోనే ఆ చావు కనబడదు. మొదలు కూడా మారింది. పాతదాంట్లో పాడుబడిన ఇల్లు, తర్వాత చర్చిలో సన్మానం వస్తాయి. కొత్తదాంట్లో ఆర్చ్‌బిషప్‌తో బేరంతో కథ మొదలవుతుంది. వేర్వేరు సినిమాలు చూసి ఒకరి అభిప్రాయం ఇంకొకరు తప్పంటే ఎలా? ఇకనుంచి పేజీ పైన ఏ వెర్షన్ చూశారో రాయండి.

కథ ఎలా రాయాలో, ఎవరు ఏ పాత్ర వేశారో చెప్పను. అవి మీకు వచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ‘ల్యాగ్’. మొదటి భాగం పెళ్లి ల్యాగ్, రెండో భాగమంతా ల్యాగ్, మూడోది మొదటి గంట ల్యాగ్. ఈ మాట లేని పేజీలు చాలా తక్కువ. ఇది చదివితే నాకు నిజంగానే బాధేస్తుంది. మీకు విసుగు పుట్టకూడదని కాదు, పుడితే పుట్టింది. కానీ ‘ల్యాగ్’ అనేది మీకు కలిగిన విసుగు పేరు, సినిమాలో ఉన్న వస్తువు పేరు కాదు. ఆ మాట రాసి ఊరుకుంటే ఎక్కడ విసుగొచ్చిందో, ఎందుకొచ్చిందో చదివేవాళ్లకు తెలియదు. మీకూ తెలియకుండా పోతుంది.

ఆ పెళ్లినే తీసుకోండి. అరగంటకు దగ్గరగా సాగుతుంది. బయట తోటలో డాన్సులు, లోపల చీకటి గదిలో మాఫియా పెద్ద, మైఖేల్ తండ్రి డాన్ వీటో దగ్గరికి ఒక్కొక్కరూ వచ్చి ఏదో అడుగుతుంటారు. కూతురి పెళ్లిరోజు ఎవరేం అడిగినా సిసిలీవాడు కాదనకూడదట. అలా వచ్చినవాళ్లలో నజోరీన్ అనే బేకరీ ఆయన ఉన్నాడు. తన దగ్గర పనిచేసే ఎంజో అనే కుర్రాణ్ని ఇటలీకి పంపించేయకుండా చూడమంటాడు. చాలా చిన్న ముక్క. దీన్ని తీసేస్తే ఏం పోతుంది అనుకున్నారు కదా?

ఇప్పుడు ఆసుపత్రి సన్నివేశానికి రండి. కాల్పుల్లో గాయపడిన డాన్ మంచం మీద ఉన్నాడు. కాపలా లేదు. మైఖేల్ ఒక్కడే. అప్పుడు పూలు పట్టుకుని ఒక మనిషి మెట్లెక్కి వస్తాడు. అతనే ఎంజో. మైఖేల్ అతన్ని తోడు తీసుకుని గుమ్మం ముందు నిలబడతాడు. ఇద్దరి దగ్గరా తుపాకీ లేదు. చంపడానికి వచ్చిన కారు ఆగి, వాళ్లను చూసి వెళ్లిపోతుంది. ఎంజో సిగరెట్ వెలిగించుకోబోతే చేతులు వణికి వెలగదు. మైఖేల్ లైటర్ తీసుకుని వెలిగిస్తాడు. అతని చెయ్యి వణకదు. ఆ చేతి వైపు ఒక్క క్షణం చూసుకుంటాడు.

ఈ యుద్ధవీరుడు, చదువుకున్నవాడు, ‘అది నా కుటుంబం, నేను కాదు’ అని ప్రియురాలు కేతో చెప్పినవాడు, తను ఏం చేయగలడో మొదటిసారి తెలుసుకున్నది అక్కడే. డైలాగ్ లేదు. పక్కన వణికే చెయ్యి ఉంది కాబట్టే వణకని చెయ్యి కనబడింది. ఆ వణికే చెయ్యి అక్కడికి రావడానికి కారణం పెళ్లిరోజు గదిలో అడిగిన ఆ చిన్న కోరిక. పెళ్లి ల్యాగ్ అన్నవాళ్లు ఈ లంకె చూడలేదు. చూసి కూడా పెళ్లి పొడుగైందంటే, అది అభిప్రాయం. దాన్ని నేను గౌరవిస్తాను.

శవాలకు అలంకరణ చేసే బోనసేరా సంగతీ అంతే. మొదటి మాట అతనిదే. డాన్ చేసిన సాయం రుణం ఎలా తీర్చాడో డాన్ పెద్దకొడుకు సనీ చనిపోయిన రాత్రి చూశారు. అది మీకు దొరికింది, చాలామంది రాశారు.

ఇంకో రకం ల్యాగ్ ఉంది. హోటల్లో డాన్‌ను కాల్పించిన సొలోజ్జో, పోలీసు కెప్టెన్‌లతో మైఖేల్ భోజనానికి కూర్చున్న సన్నివేశంలో సబ్‌టైటిల్స్ రాలేదు, ఇటాలియన్ అర్థం కాక బోర్ కొట్టిందని రాశారు. అవి రాకపోవడం మీ టీవీ తప్పు కాదు, సినిమాలోనే లేవు. మాటలు అర్థం కాకపోతే మన కళ్లు ఎక్కడికి పోతాయి? మైఖేల్ కళ్ల మీదికి. చెవులు ఎక్కడికి పోతాయి? బయట రైలు మోత మీదికి. ఆ మోత పెరిగి పెరిగి చెవులు చిల్లులు పడుతుంటే అతను లేచి కాలుస్తాడు. సొలోజ్జో ఏమంటున్నాడో మైఖేల్ కూడా వినడం లేదు. మనల్ని ఆ స్థితిలో పెట్టారు. అక్కడ మీకు కలిగింది టెన్షన్. దాన్ని మీరు బోర్ అని రాశారు.

నాకూ ఈ సినిమాల్లో ల్యాగ్ ఉంది. మూడో భాగంలో ఇమ్మొబిలియారే అనే కంపెనీ వాటాల మాటలు. వాటికన్‌తో బేరం మనకు అర్థమైపోయాక కూడా వేరే వేరే గదుల్లో మళ్లీ మళ్లీ అదే చెబుతారు. అర్థమయ్యాక కూడా సాగడం ఒకటి, అర్థం కాకముందే మనం వదిలేయడం ఇంకొకటి. ఏది జరిగిందో మీ పేజీలో కనబడాలి.

గొప్పది మొదటిదా, రెండోదా అన్న గొడవ మీతో మొదలైంది కాదు. 1972లో వచ్చిన మొదటిదానికి మూడు ఆస్కార్లు, 1974లో వచ్చిన రెండోదానికి ఆరు. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిన మొదటి సీక్వెల్ అదే. అయినా విడుదలప్పుడు విమర్శకులు ఒక్క మాట మీద లేరు. రోజర్ ఈబర్ట్ మొదటిదానికి నాలుగు స్టార్లిచ్చి రెండోదానికి మూడే ఇచ్చారు. వీటో యవ్వనానికీ మైఖేల్ కథకూ మధ్య అటూ ఇటూ మారుతూ ఉండటం ఆయనకు అడ్డుపడింది. చాలా ఏళ్ల తర్వాత అదే సినిమాను తన గొప్ప సినిమాల వరుసలో చేర్చుకున్నారు. మీలో ఒకరు ‘రెండు సినిమాలు అతికించినట్టుంది’ అని రాసి క్షమించమన్నారు. క్షమాపణ ఎందుకు? ఆ అతుకు ఏ సన్నివేశంలో తగిలిందో చెప్పండి, చాలు.

నాకు మొదటిదే ఎక్కువిష్టం. అయినా రెండోదాంట్లో ఒక్క చోట నేను ఓడిపోతాను. మైఖేల్ కొడుకు కమ్యూనియన్ (చర్చిలో పిల్లలకు చేసే వేడుక) విందులో, ఆ కుటుంబానికి పాత మనిషి ముసలి పెంటాంజెలి బ్యాండువాళ్లను టరంటెల్లా అనే ఇటలీ జానపద నాట్యపు పాట వాయించమంటాడు. వాళ్లకు రాదు, పిల్లల పాట ఒకటి అందుకుంటారు. మొదటి భాగం పెళ్లిలో టరంటెల్లాకు పెద్దాచిన్నా అంతా గెంతారు. ఆ ఇంట్లోంచి ఏం పోయిందో ఈ కాసేపట్లోనే తెలిసిపోతుంది.

కథ ముందే తెలిసిపోయిందని కొందరు రాశారు. నిజమే, మనలో చాలామంది ఈ కథ నీడను ముందు మన సినిమాల్లో చూశాం. రామ్‌గోపాల్ వర్మ 2005లో తీసిన ‘సర్కార్’ మొదట్లోనే ఈ సినిమాకు నివాళి అని చెప్పుకుంది. తర్వాత చూసింది ముందు పుట్టిందని గుర్తు పెట్టుకుంటే ఆ వాక్యం రాయరు.

మూడో భాగంలో మైఖేల్ కూతురిగా వేసిన, దర్శకుడి కూతురు సోఫియా కొప్పోలా గురించి రెండు మాటలు. ‘మూడో భాగాన్ని ఆ అమ్మాయి పాడుచేసింది’ అన్న వాక్యం చాలా పేజీల్లో ఒకేలా ఉంది. అది మీరు చూసింది కాదు, ఎక్కడో విన్నది. వినోనా రైడర్ తప్పుకుంటే చివరి నిమిషంలో ఆమె వచ్చింది. మొదటి భాగంలో బాప్తిస్మం తీసుకునే పసిబిడ్డ కూడా ఆమే. ఆమె నటన నచ్చకపోతే ఏ డైలాగు దగ్గర తేలిపోయిందో రాయండి. నా లెక్కలో ఆ సినిమాకు పెద్ద లోటు రాబర్ట్ డువాల్ లేకపోవడం. పారితోషికం దగ్గర కుదరక ఆయన చేయలేదు. ఆయన వేసిన టామ్ హేగన్, ఆ ఇంట్లో పెరిగిన లాయరు, లేకపోయేసరికి మైఖేల్‌తో అన్నలా ఎదురు మాట్లాడేవాళ్లు లేరు. అందుకే కార్డినల్ (చర్చి పెద్ద) ముందు తను చంపించిన అన్న ఫ్రెడో హత్యను ఒప్పుకుని ఏడ్చే ఆ కాసేపు అంత గట్టిగా తగులుతుంది. ఆ మాట చెప్పుకోవడానికి అతనికి ఇంట్లో మనిషి లేడు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. మూడు భాగాల్లోనూ వేడుకలున్నాయి: పెళ్లి, కమ్యూనియన్, సన్మానం. ఒక్కోదాంట్లో పది నిమిషాలు ఎంచుకుని మొదట సౌండ్ తీసేసి చూడండి, తర్వాత కళ్లు మూసుకుని వినండి, మూడోసారి మామూలుగా చూడండి. ఫోన్‌లో వద్దు. కెమెరామన్ గోర్డన్ విల్లిస్ ఆ గదులను కావాలనే అంత చీకటిగా తీశాడు, డాన్ వేసిన బ్రాండో కళ్లు కూడా చాలాసార్లు కనబడవు. ఇంట్లో లైట్లన్నీ ఆపి టీవీలో చూస్తేనే ఆ చీకటి పనిచేస్తుంది.

తర్వాత ఏ భాగం మీకు ఎందుకు నచ్చిందో ఒక పేజీ రాయండి. ప్రతి అభిప్రాయం పక్కనా అది సినిమాలో ఎన్నో నిమిషంలో ఉందో వేయాలి. ల్యాగ్, క్లాసిక్, మాస్టర్‌పీస్, ఓవర్‌రేటెడ్ – ఈ నాలుగు మాటలూ ఉండకూడదు. అది అయ్యాక, మీకు నచ్చని భాగమే గొప్పదని నమ్మే మనిషి తరఫున ఇంకో పేజీ రాయండి. దానికీ నిమిషాలు వేయాలి. రెండు పేజీలూ ఇంట్లో ఒకరికి చదివి వినిపించి, ఏది మీ సొంత అభిప్రాయమో చెప్పమనండి. వాళ్లు వెంటనే పట్టేస్తే రెండోది తిరగరాసి అప్పుడు పంపండి.